కుక్క ఎలుకల మందు కేకు కొరికేసింది, ఉప్పునీళ్ళు తాపల్లా?

జమ్మలమడుగు_మిద్దె:
ల్యాబ్రడార్‌ కుక్క, 22 కిలోలు. శనగమూటల సందులో పెట్టిన కేకు సగం తినేసి అరగంటైంది. నోరంతా నీలం. మామూలుగానే తిరుగుతాంది. ఉప్పునీళ్ళు తాపి కక్కించమంటున్నారు. తాపల్లా, వద్దా?

పశువైద్యం_పొద్దుటూరు:
ఉప్పునీళ్ళు వద్దే వద్దు. రక్తంలో సోడియం పెరిగితే ఫిట్స్ వస్తాయి. మందు సంగతి అటుంచి ఉప్పే చంపుతుంది.
వెంటనే ప్యాకెట్ వెతకండి, రంగు చూసి మందు పోల్చుకోవద్దు. కక్కిస్తే మొదటి రెండు గంటల్లోనే ఫలితం, అదీ ఆసుపత్రిలో అయితే మేలు. దారి దూరమై డాక్టర్ ఫోన్లో సరేనంటేనే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్, కిలోకు 2 మి.లీ. లెక్కన మీ దానికి 44. ఎంత పెద్ద కుక్కకైనా 45 దాటొద్దు. మందుల షాపులో ఎక్కువగా ఇచ్చేది 6 శాతంది, దానికి సమానంగా నీళ్ళు కలపల్ల. మత్తుగా ఉన్నా, వణుకుతున్నా తాపితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

నల్లరేగడి:
ప్యాకెట్ మీద జింక్ ఫాస్ఫైడ్ అని ఉంటే కథ వేరే. చేన్లో నూకలు 96 పాళ్ళు, నూనె 2, మందు 2 కలిపి పెడతామే, అదే నల్లపొడి. కడుపులో ఆమ్లం తగలగానే ఫాస్ఫీన్ గ్యాస్ పుడుతుంది. అందుకే సంగటి ముద్దా, పాలూ ఏమీ పెట్టొద్దు, తిండి పడితే ఆమ్లం ఇంకా ఊరుతుంది. ఆ వాంతి వాసన మనకూ విషమే. కారులో అద్దాలు దించి పోండి.

జమ్మలమడుగు_మిద్దె:
ప్యాకెట్ దొరికింది, బ్రోమాడియోలోన్ 0.005 శాతం. డాక్టర్ కక్కించినారు, నీలం ముక్కలు పడినాయి. ఇంక భయం లేనట్టేనా?

పశువైద్యం_పొద్దుటూరు:
అప్పుడే అనుకోవద్దు. ఈ మందు కాలేయంలో రక్తం గడ్డకట్టించే పదార్థాల తయారీని ఆపేస్తుంది. ఒంట్లో ఉన్న నిల్వ అయిపోయేదాకా, అంటే మూడు నుంచి ఐదు రోజులు, కుక్క ఎగురుతూనే ఉంటుంది. ఆ తర్వాత ఆయాసం, దగ్గు, తెల్లబడిన చిగుళ్ళు.
తిన్న 48 నుంచి 72 గంటలకు పి.టి. రక్తపరీక్ష, అంటే రక్తం ఎంతసేపట్లో గడ్డకడుతుందో చూసేది, చేయించండి. తేడా ఉంటే విటమిన్ కె1, మామూలుగా నాలుగు వారాలు, కొవ్వున్న తిండితో. మోతాదు డాక్టర్ రాస్తారు. షాపులో కె3 చేతిలో పెడితే తీసుకోవద్దు, దీనికి పనిచేయదు. కోర్సు అయినాక రెండు మూడు రోజులాగి మళ్ళీ పి.టి.
అన్నట్టు, కక్కిన ముక్కలు కోళ్ళు పొడవకుండా మూటగట్టేయండి.