ఊటకు కన్ను, జాలుకు ...ళ్లు?

హన్మకొండ: మా పాత కారులో కూలెంట్ వారం తిరిగేసరికి మినిమం గీత కిందికి దిగుతోంది. కింద నేల మీద ఒక్క చుక్క లేదు, హోస్‌లు, వాటర్ పంపు బాగానే ఉన్నాయి. ఆటోనగర్‌లో మెకానిక్, ఇంజన్ బ్లాక్ పక్కన తెల్లగా పేరుకున్న పెచ్చును బ్రష్‌తో గీకి, గుడ్డతో తుడిచి, ఇంజన్ వేడెక్కేదాకా ఆన్‌లో ఉంచాడు. కాసేపటికి ఆ పోత ఇనుము మీద అరచేతి వెడల్పున చెమట పట్టినట్టు బొట్లు లేచాయి. "ఇది లీకు కాదు సార్, బ్లాక్ జాలు పట్టింది" అన్నాడు. ఆ మాటతో ములుగులో మా అమ్మమ్మ బావి దగ్గర అనే మాట గుర్తొచ్చింది: "ఊటకు కన్ను, జాలుకు ...ళ్లు". ముందు అక్షరం పోయింది. ఒళ్లా, కళ్లా? నాలుగు రోజులుగా నిద్ర పట్టట్లేదు.

పరకాల: ఒళ్లే అన్నా. ఊటకన్ను ఒక్కచోట ఉంటుంది, దాన్ని మూయొచ్చు. చెరువు కట్ట కింద పొలం జాలు పడితే ఎక్కడని మూస్తావు, మడి మడంతా ఊరుతుంది కదా. నీ బ్లాకూ అంతే.

జనగామ: కాదు, కళ్లు. కన్ను అన్నాక కళ్లు రావాలి, ఒకటి, అనేకం, అదే ఆ మాటలోని అందం. అయినా 'జాలు' అంటే మెల్లగా ఊరడమేనా? జాలువారడం అంటే ధార కాదా? పోతన చాటువులో సరస్వతి కాటుక కంటినీరు జాలువారింది కదా, చెమర్చలేదు.

హన్మకొండ: అందులో జాలువారడం లేదు సార్. "కాటుక కంటినీరు చనుకట్టుపయిం బడ". 'యింబడ' ఉన్నచోట భగణం కావాలి, 'జాలువా' పెడితే రగణమై ఉత్పలమాల నడక పోతుంది.

జనగామ: ఒప్పుకుంటున్నా, పద్యం తప్పు చెప్పాను. కానీ ఆ 'పడ' చూడండి, ఒక్కో బొట్టు రాలి పడుతున్న చప్పుడు వినిపిస్తుంది. బమ్మెర మాకు దగ్గరే, చిన్నప్పుడు పొలం గట్టు మీద మా నాన్న ఆ పద్యం చదువుతుంటే నాకు నిజంగా ఏడుపొచ్చేది. నాగలి పట్టిన చేతి పద్యమని ఆయన నమ్మకం, నాదీ అదే.

జగిత్యాల: మీ ఇద్దరికీ ఒక్క ప్రశ్న. ములుగు పెద్దావిడ ఒళ్లు అంటుందా? పెయ్యి అంటుంది. కళ్లు అంటుందా? కండ్లు అంటుంది. ఆ 'ళ్లు' బడిలో నీ నాలుకకు అంటింది తమ్ముడూ, అమ్మమ్మది కాదు. బడి పలుకుల భాష వద్దు, పలుకుబడుల భాష కావాలని కాళోజీ మొత్తుకున్నది ఇందుకే. "జాలుకు పెయ్యి" అని ఒకసారి పైకి అని చూడు.

పరకాల: "జాలుకు పెయ్యి"... అక్కా, ఇది బాగుంది. ఒళ్లంటే నేను చెప్పిన అర్థమే అయినా మాట మీదే గట్టిది. సరే, బ్లాక్‌కు ఏం చేశారు?

హన్మకొండ: పాత కూలెంట్ పూర్తిగా దింపి, నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగాడు. కూలెంట్ మిగిలితే, సందులు మూయడానికి తర్వాత కలిపే సోడియం సిలికేట్ జెల్లీలా గడ్డకట్టి రేడియేటర్ దారులు మూసుకుపోతాయట. తర్వాత ఉత్త నీళ్లలో సిలికేట్ కలిపి ఇంజన్ వేడి చేశాడు. బయటికి ఊరినచోట వేడికి తేమ ఆరి, గాజులా గట్టిపడి సందు మూసుకుంటుంది. ఒక్క కన్నమే అయితే డ్రిల్ చేసి మరబిళ్ల బిగించేవాణ్ని, ఇది పోతలోనే గుల్ల అన్నాడు. పసుపు వేద్దామా అంటే వద్దన్నాడు.

జనగామ: గుల్ల! రామప్ప గుడి శిఖరం ఇటుకలు నీళ్ల మీద తేలేది ఆ గుల్లతనం వల్లే కదా. దానికి పొరస్ అనే మాట మనకెందుకు?

జగిత్యాల: గుల్ల వేరు, జాలు వేరు, కలపకండి. గుల్ల ఇనుముది, జాలు నీళ్లది.

హన్మకొండ: పదకొండు రోజులైంది, బ్లాక్ పొడిగానే ఉంది. అమ్మమ్మ లేదు గానీ చిన్నమ్మమ్మ ములుగులోనే ఉంది, ఆదివారం వెళ్లి అడుగుతా.

జగిత్యాల: ఒళ్లా, పెయ్యా అని అడగకు, నీకోసం ఏదో ఒకటి అనేస్తుంది. బావి పూడిక మాట ఎత్తి ఊరుకో, తనే అంటుంది.