జాంగో అడ్మిన్: సవరణ ఫారంలో వేసిన తాళం కొత్త నమోదు ఫారంలోనూ పడుతోంది

ప్రశ్న (కర్నూలు నుంచి)

అందరికీ నమస్కారం. మార్కెట్ యార్డులో ఉల్లి వ్యాపారం చేసే ఒక కమీషన్ దుకాణానికి జాంగో (పైథాన్ భాషలో వెబ్‌సైట్లు తయారుచేసే చట్రం) అడ్మిన్‌తో, అంటే అందులో డేటా ఎక్కించే సిద్ధమైన పేజీలతో, లాట్ల రిజిస్టరు తయారు చేస్తున్నాను. రైతు సరుకు దించినప్పుడు గుమాస్తా రైతు పేరు, ఊరు, బస్తాల సంఖ్య మాత్రమే ఎక్కించాలి. వేలం ముగిసి కాటా వేసిన తర్వాత అదే లాటును తెరిచి తూకం, క్వింటాలు ధర, కొన్నవారి పేరు నింపాలి. ఆ దశలో రైతు పేరు, బస్తాల సంఖ్య కనిపించాలి గాని, మార్చడానికి వీలుండకూడదు.

ఇందుకోసం గెట్_ఫామ్ మెథడ్‌ను తిరగరాసి, ఆబ్జెక్టు (ఇప్పటికే నమోదైన లాటు) ఉన్నప్పుడు సెల్ఫ్.రీడ్‌ఓన్లీ_ఫీల్డ్స్‌కు, అంటే మార్చరాని గడుల జాబితాకు, ఆ రెండు గడులను కేటాయించాను. మొదట బాగానే పనిచేసింది. అయితే ఒక పాత లాటును తెరిచి చూసి, వెనక్కి వచ్చి కొత్త లాటు నమోదు చేయబోతే అక్కడ కూడా రైతు పేరు తాళం పడి ఉంటోంది. సర్వర్‌ను ఆపి మళ్లీ ప్రారంభిస్తే సర్దుకుంటోంది. రైతు బండి దగ్గర నిలబడి ఎదురుచూస్తుంటే ఇలా జరగడం నాకు చాలా బాధగా ఉంది. కారణం ఏమై ఉంటుంది?

జవాబు 1 (అనంతపురం నుంచి)

కారణం మీరు సెల్ఫ్ మీద రాయడమే. సెల్ఫ్ అంటే ఇక్కడ మోడల్‌అడ్మిన్ (లాట్ల అడ్మిన్ పేజీలను నడిపే క్లాసు) ఆబ్జెక్టు. అది ప్రతి రిక్వెస్టుకూ కొత్తగా పుట్టదు. అడ్మిన్ సైట్‌లో రిజిస్టర్ చేసినప్పుడు ఒక్కసారే తయారై, ఆ ప్రాసెస్ నడిచినంతకాలం వచ్చే రిక్వెస్టులన్నింటికీ అదే పనిచేస్తుంది. అందువల్ల ఒక గుమాస్తా తెరిచిన సవరణ పేజీలో మీరు మార్చిన విలువ, పక్క కంప్యూటర్లో మరొకరు తెరిచే కొత్త నమోదు పేజీలోనూ నిలిచి ఉంటుంది. సర్వర్‌లో వర్కర్లు (విడివిడిగా నడిచే ప్రాసెస్‌లు) ఎక్కువగా ఉంటే ఈ తప్పు ఒకసారి కనిపించి మరోసారి మాయమవుతుంది కాబట్టి పట్టుకోవడం ఇంకా కష్టం.

గెట్_ఫామ్‌ను ముట్టుకోనవసరం లేదు. గెట్_రీడ్‌ఓన్లీ_ఫీల్డ్స్, గెట్_ఫీల్డ్‌సెట్స్ అనే రెండు మెథడ్‌లను తిరగరాయండి. రెండింటికీ రిక్వెస్టుతో పాటు ఆబ్జెక్టు కూడా అందుతుంది. కొత్త నమోదులో అది నన్ (None, అంటే ఏమీ లేదు) అయి ఉంటుంది. గెట్_ఫీల్డ్‌సెట్స్‌లో నన్ అయితే మూడు గడులున్న టపుల్‌ను (మార్చలేని జాబితాను), కాకపోతే పూర్తి టపుల్‌ను తిరిగి ఇవ్వండి; గెట్_రీడ్‌ఓన్లీ_ఫీల్డ్స్‌లో నన్ అయితే ఖాళీ టపుల్‌ను, కాకపోతే తాళం వేయాల్సిన రెండు గడులను ఇవ్వండి. ఉన్న లిస్టుకు అపెండ్ చేస్తే మళ్లీ ఇదే చిక్కులో పడతారు. ఫీల్డ్‌సెట్‌లలో ఉన్న గడులను బట్టే అడ్మిన్ ఫారంను నిర్మించుకుంటుంది. జాంగోలోని యూజర్‌అడ్మిన్ కూడా ఇదే పద్ధతిలో, కొత్త యూజర్‌కు యాడ్_ఫీల్డ్‌సెట్స్ అనే వేరే అమరికను చూపిస్తుంది. ఆ కోడ్ ఒకసారి చదవండి, చాలా చిన్నది.

తూకం, ధర మొదటి ఫారంలో ఉండవు కనుక మోడల్‌లో వాటికి నల్ (డేటాబేస్‌లో విలువ లేకుండా ఉండటం) అనుమతించడం మరచిపోకండి. బ్లాంక్‌ను (ఫారంలో ఖాళీగా వదలడాన్ని) కూడా అనుమతిస్తే సవరణ ఫారంలో అవి తప్పనిసరి కాకుండా పోతాయి. ఆ విషయం మీరు ఆలోచించి నిర్ణయించుకోవాలి.

జవాబు 2 (కడప నుంచి)

పై జవాబు సరైనదే. నేను పసుపు లాట్లకు ఇలాంటిదే చేసినప్పుడు ఎదురైన మరో ఇబ్బంది చెబుతాను. రీడ్‌ఓన్లీ చేసిన గడి ఫారంలోనే ఉండదు. పేజీ మీద అక్షరాలుగా మాత్రమే కనిపిస్తుంది. కాబట్టి ఫారంను సరిచూసే క్లీన్ మెథడ్‌లో బస్తాల సంఖ్యతో తూకాన్ని పోల్చాలని క్లీన్డ్_డేటాలో (సరిచూసిన విలువల్లో) వెతికితే కీఎర్రర్ (ఆ పేరు లేదనే తప్పు) వస్తుంది. సవరణ సమయంలో ఆ విలువను సెల్ఫ్.ఇన్‌స్టన్స్ (సవరిస్తున్న లాటు) నుంచి తీసుకోవాలి. ఫారంలో లేకపోవడం వల్ల ఒక మేలు కూడా ఉంది: బ్రౌజర్‌లో ఎవరైనా గడిని తిరిగి సృష్టించి పంపినా ఆ విలువను అడ్మిన్ స్వీకరించదు.

అయితే ఈ రక్షణ అడ్మిన్ పేజీకే పరిమితం. రేపు మొబైల్ యాప్ కోసం వేరే దారి తెరిస్తే అక్కడ తాళం ఉండదు. రైతు డబ్బుతో ముడిపడిన నియమాన్ని మోడల్ స్థాయిలో కూడా పెట్టడం మంచిదని నా అభిప్రాయం.

రైతుల జాబితా పెద్దదైతే, టైపు చేస్తుంటే పేర్లు వెతికి చూపించే ఆటోకంప్లీట్_ఫీల్డ్స్ వాడండి. ఇది జాంగో 2.0 నుంచి ఉంది. రైతు మోడల్ అడ్మిన్‌లో సెర్చ్_ఫీల్డ్స్ రాయకపోతే మాత్రం పనిచేయదు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. రెండు మెథడ్‌లనూ రాసి, గెట్_ఫామ్‌ను పూర్తిగా తీసివేశాను. రెండు కంప్యూటర్లలో ఒకేసారి, ఒకదానిలో సవరణ, మరొకదానిలో కొత్త నమోదు తెరిచి పరీక్షించాను. తాళం సవరణలోనే పడుతోంది. కడప మిత్రులు చెప్పిన కీఎర్రర్ నాకూ వచ్చింది, ఇన్‌స్టన్స్ నుంచి తీసుకున్నాక పోయింది. మోడల్‌లో నియమం రాయడం ఇంకా మిగిలి ఉంది, ఆ పని పూర్తయ్యాకే దుకాణానికి అప్పగిస్తాను.