డిసెంబరు సెలవులకు యూరప్: 12 రాత్రుల్లో ఏడు ఊళ్ళు కుదురుతాయా?

దర్గామిట్ట, నెల్లూరు

అందరికీ నమస్కారం. డిసెంబరు 20 రాత్రి చెన్నైలో ఎక్కి, జనవరి 3కి ఇంటికి చేరాలి. మేమిద్దరం, తొమ్మిదేళ్ళ పాప, 66 ఏళ్ళ అమ్మ. అమ్మకి బీపీ, షుగరు, మోకాళ్ళ నొప్పులు. ఆమె శాకాహారి కూడా. ప్రస్తుతానికి రాసుకున్నది ఇదీ: పారిస్ 2 రాత్రులు, జూరిక్ 1, ఇంటర్‌లాకెన్ 2, మ్యూనిక్ 1, ప్రాగ్ 2, వియన్నా 2, బుడాపెస్ట్ 2. క్రిస్మస్ మార్కెట్లు, మంచు రెండూ చూడాలని పాప పట్టు. ఈ వరస సరిపోతుందా? వీసా ఏ దేశానికి పెట్టాలి? ఇంకేం చూసుకోవాలి?

కావలి రైలు

అన్నా, ఇందులో మూడు ఊళ్ళు తీసెయ్యండి. ఆ రోజుల్లో అక్కడ పగలు ఎనిమిది గంటలే ఉంటుంది. వియన్నాలో పొద్దున ఏడూ ముప్పావుకి తెల్లారి, సాయంత్రం నాలుగింటికి పొద్దుగూకుతుంది. హోటల్లో గది ఖాళీ చేసేది పదకొండింటికి, కొత్త ఊళ్ళో గది చేతికొచ్చేది మధ్యాహ్నం మూడింటికి. మధ్యలో నాలుగు గంటల రైలుంటే ఆ రోజు వెలుతురంతా రైల్లోనే అయిపోతుంది. ఏడు ఊళ్ళంటే ఆరుసార్లు ఊరు మారాలి, అంటే ఆరు రోజులు పోయినట్టే. మోకాళ్ళ నొప్పులున్న పెద్దామెతో, అక్కడి స్టేషన్లలో కూలీలు లేకుండా ఆరుసార్లు పెట్టెలు ఎక్కించి దించడం అయ్యే పని కాదు.

పారిస్, స్విట్జర్లాండ్ ఇంకోసారికి ఉంచి, దగ్గరదగ్గరగా ఉన్న నాలుగు ఊళ్ళు పట్టుకోండి: బుడాపెస్ట్, వియన్నా, సాల్జ్‌బర్గ్, ప్రాగ్. వరస కూడా ఇదే ఉండాలి, తిరగేయొద్దు. వియన్నా సిటీ హాల్ ముందరి పెద్ద మార్కెట్ డిసెంబరు 26తో ముగుస్తుంది. ప్రాగ్ పాతబస్తీ మార్కెట్ జనవరి 6 దాకా ఉంటుంది. చాలామంది ప్రాగ్‌తో మొదలుపెట్టి వియన్నాకి 28న చేరతారు. అప్పటికి అక్కడ కొట్లు ఊడదీస్తుంటారు.

21న బుడాపెస్ట్‌లో దిగండి, అక్కడ 2 రాత్రులు. 23 పొద్దున రైలెక్కితే రెండు గంటల నలభై నిమిషాల్లో వియన్నా. అక్కడ 4 రాత్రులు. 27న రెండున్నర గంటల్లో సాల్జ్‌బర్గ్, 3 రాత్రులు. 30న లింజ్‌లో రైలు మారి ప్రాగ్, 3 రాత్రులు. ఈ చివరి ప్రయాణమే పెద్దది, ఆరు గంటలదాకా పడుతుంది. లింజ్ నుంచి ప్రాగ్‌కి నేరుగా వెళ్ళే రైళ్ళు రోజుకి కొన్నే, కాబట్టి ముందు వాటి టైము చూసి, దాన్నిబట్టి సాల్జ్‌బర్గ్‌లో బయల్దేరండి. జనవరి 2న ప్రాగ్ నుంచే తిరుగు విమానం. బుకింగ్ సైట్లో రౌండ్ ట్రిప్ కాకుండా "మల్టీ సిటీ" నొక్కి, చెన్నై–బుడాపెస్ట్, ప్రాగ్–చెన్నై ఒకే పీఎన్నార్ మీద తీసుకోండి. దుబాయ్, దోహా మీదుగా పోయే సంస్థలు ఈ రెండు ఊళ్ళకీ నడుపుతున్నాయి. మధ్యలో మారే విమానాలకి విడివిడి టికెట్లు కొంటే, మొదటి విమానం ఆలస్యమై రెండోది పోయినప్పుడు అడిగే దిక్కుండదు, లగేజీ కూడా మధ్యలో దించుకోవాలి.

24వ తారీఖు మీద గట్టిగా దృష్టి పెట్టండి. బుడాపెస్ట్‌లో ఆ మధ్యాహ్నం నుంచి మెట్రో, ట్రాములు క్రమంగా ఆగిపోతాయి. ఆస్ట్రియాలో షాపులు మధ్యాహ్నమే మూసేస్తారు, 25, 26 సెలవు. అందుకే 23కే వియన్నా చేరమన్నది. పాలు, బ్రెడ్డు, కూరగాయలు 24 పొద్దునే తెచ్చి పెట్టుకోండి. తప్పనిసరైతే వియన్నా మెయిన్ స్టేషన్లోని సూపర్ మార్కెట్ చూడండి, సెలవుల్లోనూ అమ్మేది అలాంటి చోట్లే. షాన్‌బ్రున్ ప్యాలెస్‌కి సెలవంటూ లేదు కాబట్టి 25న దాన్ని పెట్టుకోండి. టికెట్ మీద లోపలికెళ్ళే టైము ఉంటుంది, ముందే ఆన్‌లైన్‌లో కొనాలి.

రైలు టికెట్లు రెండు మూడు నెలల ముందు కొంటే బాగా తక్కువ. కాకపోతే ఆ తక్కువ ధర టికెట్ ఆ ఒక్క రైలుకే చెల్లుతుంది. టికెట్‌తోపాటు సీటు వచ్చేసిందనుకోవద్దు. రిజర్వేషన్ విడిగా కట్టాలి. పండగ రోజుల్లో తప్పకుండా కట్టండి.

ఒంగోలు, కర్నూలు రోడ్డు

వీసా సంగతి. ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటే ఆ దేశానికే దరఖాస్తు పెట్టాలి. పై ప్లానులో హంగరీ 2, ఆస్ట్రియా 7, చెక్ 3, కాబట్టి ఆస్ట్రియా. దిగేది బుడాపెస్ట్‌లో కదా అని హంగరీకి పెట్టకండి. రాత్రులు సమానమైతేనే మొదట అడుగుపెట్టే దేశం లెక్కలోకొస్తుంది.

ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు, ఆఖరి గడువు 15 రోజుల ముందు. డిసెంబరు ప్రయాణానికి ఆగస్టు, సెప్టెంబరుల్లోనే స్లాట్ పట్టండి, దసరా దాటితే స్లాట్లు దొరకడం కష్టం. పెద్దలకి ఫీజు 90 యూరోలు, 6 నుంచి 12 లోపు పిల్లలకి 45. సర్వీసు చార్జీ వేరే. పాపకి 12 నిండలేదు కాబట్టి వేలిముద్రలు ఉండవు.

ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకి ఉండాలి, రాకపోకల రోజులన్నీ అందులో పడాలి. వీసా కోసం కొనే చవక పాలసీలు ముందునుంచీ ఉన్న జబ్బులకి డబ్బివ్వవు. అమ్మగారికి మాత్రం బీపీ, షుగరు రాసి, వాటినీ కవర్ చేసే పాలసీ అడిగి తీసుకోండి.

మనవాళ్ళ దగ్గర ఎక్కువగా చిక్కు వచ్చేది పేర్లతో. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, బ్యాంకు పుస్తకంలో ఒక్క అక్షరమే ఉంటుంది. కొందరి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడే ఖాళీ. విమానం టికెట్, ఇన్సూరెన్స్, హోటల్ బుకింగ్, వీసా ఫారం నాలుగింట్లోనూ పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. బ్యాంకు స్టేట్‌మెంట్లో తేడా ఉంటే ఇప్పుడే వెళ్ళి సరిచేయించండి. హోటళ్ళు ఉచితంగా రద్దయ్యేవే తీసుకోండి, వీసా చేతికొచ్చేదాకా వాటిని రద్దు చేయొద్దు.

ఇంకోటి: 2025 అక్టోబరు 12న మొదలైన కొత్త పద్ధతిలో సరిహద్దు దగ్గర ఫొటో, వేలిముద్రలు తీసుకుంటున్నారు. దిగాక క్యూకి టైము పడుతుంది, ఆ రోజు వేరే టికెట్లేమీ పెట్టుకోకండి.

దర్గామిట్ట, నెల్లూరు

ఇద్దరికీ చాలా థాంక్స్. నాలుగు ఊళ్ళకే ఖాయం చేస్తున్నాం. ఊళ్ళో మంచు పడకపోతే పాపకి ఎక్కడ చూపించాలి? అమ్మ చీరలోనే ఉంటానంటోంది. పచ్చళ్ళు, నెయ్యి తీసుకుపోవచ్చా?

గూడూరు అక్క

వియన్నా, ప్రాగ్ వీధుల్లో ఆ రోజుల్లో మంచు ఉంటుందని నమ్మకంగా చెప్పలేం. చాలాసార్లు సున్నాకి రెండు మూడు డిగ్రీలు పైనే ఉండి, వాన తుంపరే పడుతుంది. మంచుకి సాల్జ్‌బర్గ్ పక్కనున్న ఉంటర్స్‌బర్గ్ కొండ ఎక్కండి. ఊళ్ళోంచి సిటీ బస్సు, అక్కణ్ణుంచి కేబుల్ కారు, పై స్టేషన్ 1,776 మీటర్ల ఎత్తు. గాలి ఎక్కువైతే కారు ఆపేస్తారు కాబట్టి టికెట్ ముందే కొనకుండా, ఆ పొద్దున చూసుకుని మూడు రోజుల్లో తేటగా ఉన్న రోజు వెళ్ళండి. హాల్‌స్టాట్ అందమైనదే, కానీ రానుపోను ఐదు గంటలు. పెద్దామెతో వద్దనే చెప్తాను.

చీర కట్టుకోవచ్చు, లోపల ఉన్ని లేదా పాలిస్టర్ థర్మల్స్ పైకీ కిందకీ రెండూ వేయించండి. లోపల నూలు బట్ట మాత్రం వద్దు. నడిస్తే చెమట పీల్చుకుని ఆరదు, ఆగగానే వణుకు పుడుతుంది. జాకెట్ మోకాళ్ళదాకా, గాలి దూరనిది ఉండాలి. కుచ్చెళ్ళు చీలమండ పైకి కట్టాలి, లేకపోతే తడి రోడ్డు మీద అంచు నానిపోతుంది. బూట్లు అడుగు పట్టున్నవి, నీళ్ళు దిగనివి కావాలి. మందం సాక్సులకి అర సైజు పెద్దవి కొని, నెల ముందునుంచే ఇంట్లో తొడిగించండి. ప్రాగ్‌లో అంతా రాళ్ళు పరిచిన దారులు, తడిస్తే జారతాయి.

నెయ్యి వద్దు. పాల పదార్థాలు, మాంసం బయటి దేశాల నుంచి యూరప్‌లోకి రానివ్వరు, కాబట్టి కోవా ఉండే మలైకాజా, చికెన్ పచ్చడి కూడా ఆపండి. పచ్చి కరివేపాకూ అంతే. ఆవకాయ, గోంగూర, కందిపొడి తీసుకెళ్ళొచ్చు. నూనె పచ్చడి మాత్రం చెకిన్ పెట్టెలోనే, రెండు కవర్లలో గట్టిగా కట్టి పెట్టండి. వంటిల్లున్న అపార్ట్‌మెంట్ తీసుకుంటే అన్నం వండుకోవచ్చు. బియ్యం, పెరుగు అక్కడి సూపర్ మార్కెట్లలోనే దొరుకుతాయి. మన ఫోన్ ఛార్జర్ల సన్న రెండు పిన్నులు అక్కడ పడతాయి, కుక్కర్ల లావు మూడు పిన్నులు పట్టవు, అడాప్టర్ కావాలి.

మందులు షీట్లతో సహా, డాక్టరు చీటీతో చేతి సంచిలోనే పెట్టుకోండి. ఇన్సులిన్ అయితే లగేజీలో అసలు వేయకూడదు, గడ్డకడితే పనికిరాదు. టైము మనకంటే నాలుగున్నర గంటలు వెనక కాబట్టి షుగరు మందు వేళలు బయల్దేరే ముందే డాక్టరుతో రాయించుకోండి. వీల్‌చెయిర్ టికెట్ కొనేటప్పుడే అడగండి, కనీసం 48 గంటల ముందు విమాన సంస్థకి ఫోన్ చేసి నమోదైందో లేదో చూసుకోండి. చెన్నైలోనే కాదు, మధ్యలో విమానం మారే చోటా కావాలని చెప్పాలి, అక్కడే నడక ఎక్కువ.