3ఏ జాకెట్ .44 మ్యాగ్నమ్‌ను ఆపుతుంది, 5.56 దగ్గర ఎందుకు చేతులెత్తేస్తుంది?

ప్రశ్న

లెక్క వేసి చూస్తే .44 మ్యాగ్నమ్ రివాల్వర్ తూటా (15.6 గ్రాములు, సెకనుకు 436 మీటర్లు) శక్తి 1,480 జూళ్ల చిల్లర. 5.56 ఎం193 రైఫిల్ తూటాది (3.56 గ్రాములు, సెకనుకు 990 మీటర్లు) 1,740 జూళ్లు. మరీ అంత తేడా లేదు. అయినా లెవెల్ 3ఏ మెత్తటి బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్ మొదటిదాన్ని ఆపి, రెండోదాన్ని వదిలేస్తుందంటారు. ఎందుకని? ఇంకో సందేహం: ఏకే, ఎం4, బుల్‌పప్ డిజైన్లలో జాకెట్‌కు ఎక్కువ గండం ఏది? జాకెట్‌లో లెవెల్ 3 గట్టి ప్లేటు పెట్టుకుంటే అన్ని రైఫిళ్లకూ సరిపోయినట్టేనా?

సమాధానం 1

జూళ్లు ఎన్ని అన్నది సగం లెక్కేనండీ. అవి ఎంత చోటు మీద పడుతున్నాయో కూడా చూడాలి. .44 తూటా వ్యాసం 10.9 మి.మీ., అంటే వైశాల్యం సుమారు 93 చదరపు మి.మీ. 5.56 తూటా అసలు వ్యాసం 5.7 మి.మీ., వైశాల్యం పాతికన్నర. చదరపు మి.మీ.కి లెక్కేస్తే మొదటిది 16 జూళ్లు, రెండోది 68. నాలుగింతలు! పైగా .44 తూటా సీసం మొన జాకెట్‌ను తాకగానే పుట్టగొడుగులా విచ్చుకుని ఇంకా ఎక్కువ పోగుల మీద పడుతుంది. జాకెట్‌లోని అరామిడ్ (కెవ్లార్ లాంటిది) పోగు బలమంతా లాగుడులో ఉంది. దెబ్బను పక్కలకు పంచడానికి దానికి కాస్త వ్యవధి కావాలి. సన్నటి మొనతో రెట్టింపుకు పైగా వేగంతో వచ్చే తూటా ఆ వ్యవధి ఇవ్వదు. కొన్ని పోగుల్ని తెంపి, కొన్నిటిని పక్కకు నెట్టి దూరిపోతుంది. పొరలు పెంచుకుంటూ పోతే జాకెట్ కాస్తా పరుపవుతుంది.

ఇక డిజైన్లు. ఏకేలో గ్యాస్ పిస్టన్ బోల్ట్ క్యారియర్‌కే (బోల్ట్‌ను మోస్తూ కదిలే భాగం) బిగించి ఉంటుంది, రెండూ కలిసి వెనక్కి వెళ్లొస్తాయి. హెచ్‌కే416లో పొట్టి పిస్టన్ ఒక్క తోపు తోసి ఆగిపోతుంది. ఎం4లో సన్నటి ట్యూబ్ గుండా గ్యాసే క్యారియర్‌లోకి వస్తుంది. ఇవన్నీ మసి ఎక్కడ పేరుకుంటుంది, ముందు భాగం ఎంత బరువు, దుమ్ములో జామ్ అవుతుందా అనే లెక్కలు. తూటా బ్యారెల్ దాటాక ప్లేటుకు వీటితో పనిలేదు.

పనున్నది బ్యారెల్ పొడవుతో. ఎం16ఏ2ది 508 మి.మీ., ఎం4ది 368. 5.56లోనే మరో రకమైన ఎం855 తూటాకు ఎం4లో సెకనుకు సుమారు 40 మీటర్ల వేగం తగ్గుతుంది. బుల్‌పప్ కిటుకు ఇక్కడే ఉంది. బోల్ట్, మ్యాగజైన్ ట్రిగ్గర్ వెనక్కి పోవడంతో స్టైర్ ఏయూజీ అదే 508 మి.మీ. బ్యారెల్‌ను 790 మి.మీ. తుపాకీలో ఇముడ్చుకుంది. ఎం16ఏ2కి మీటరు పొడవు కావాల్సొచ్చింది.

సమాధానం 2

వేగం ఒక్కటే చూస్తే పొరబడతాం. తూటా లోపల ఏముందన్నదీ అంతే ముఖ్యం. మీ చివరి ప్రశ్నకు జవాబు కూడా అందులోనే ఉంది.

జాకెట్లకు ప్రమాణాలు పెట్టే అమెరికా సంస్థ ఎన్‌ఐజే 0101.06 ప్రమాణంలో లెవెల్ 3 అంటే 7.62×51 ఎం80 తూటాను (9.6 గ్రాములు, సెకనుకు 847 మీటర్లు) ఆపాలి. 5.56 ఆ పరీక్షలో లేనే లేదు! అందుకే వింతలు. ఎం80ని దర్జాగా ఆపిన స్టీల్ ప్లేటుకు, పొడవు బ్యారెల్ నుంచి దగ్గర్లో వచ్చిన ఎం193 చిల్లు పెట్టొచ్చు. పాలిథిలీన్ ప్లేటుది దీనికి తిరగేసిన కథ. ఎం193ని పట్టేస్తుంది, ఎం855 మొనలోని ఉక్కు ముక్కకు దారి ఇచ్చేస్తుంది. అమ్మేవాళ్లు రాసే ‘3 ప్లస్’ ఏ ప్రమాణంలోనూ లేదు.

ఈ గందరగోళాన్ని 2023 నవంబరులో వచ్చిన 0101.07 సర్దింది. రైఫిల్ తూటాల లెవెళ్లలో మొదటిదైన ఆర్ఎఫ్1లో ఎం80, ఎం193, మెత్తటి ఉక్కు గుండె (నడిమి భాగం) ఉన్న ఏకే తూటా 7.62×39 ఉన్నాయి. ఆర్ఎఫ్2 అంటే వాటికి తోడు ఎం855. ఆర్ఎఫ్3 పాత లెవెల్ 4కు సాటి. పాత 3ఏ ఇప్పుడు హెచ్‌జీ2.

ప్రశ్న అడిగినవారు

అర్థమైంది. అయితే నేరుగా లెవెల్ 4 తీసుకుంటే పీడ వదులుతుంది కదా?

సమాధానం 3

వదలదండీ. లెవెల్ 4కి కవచం చీల్చే .30-06 ఎం2 ఏపీ తూటా (10.8 గ్రాములు, సెకనుకు 878 మీటర్లు) ఒక్క దెబ్బ ఆపితే పాసే. లెవెల్ 3కి ఆరు దెబ్బలు ఆపాలి. అంటే 4 ప్లేటు బలమైన తూటాను ఆపుతుంది గానీ, ఎక్కువ తూటాల్ని ఆపుతుందని ఆ అంకె హామీ ఇవ్వదు.

కారణం సిరామిక్ పనిచేసే తీరు. తూటా గుండె కన్నా గట్టిగా ఉండి దాన్ని నుజ్జు చేస్తుంది, ఆ పనిలో తానూ పగులుతుంది. వెనకున్న అరామిడ్ లేదా పాలిథిలీన్ ఆ ముక్కల్ని పట్టుకుంటుంది. రెండో తూటా పగిలిన చోటే పడితే అక్కడ మిగిలింది వెనక పొర మాత్రమే. అల్యూమినా చవక, బరువు (ఘన సెం.మీ.కి 3.9 గ్రాములు). బోరాన్ కార్బైడ్ 2.5 గ్రాములే, ధర మాత్రం చుక్కల్లో ఉంటుంది.

ప్లేటు కింద పడితే పైన గుడ్డ చిరగకుండా లోపల పగుళ్లు రావచ్చు, అవి ఎక్స్‌రేలోనే కనిపిస్తాయి. లేబుల్ మీద ‘విడిగా’ అని ఉందా, ‘మెత్తటి జాకెట్‌తో కలిపి’ అని ఉందా చూడాలి. రెండో రకాన్ని ఒంటరిగా వాడితే రాసిన లెవెల్‌కు విలువ లేదు. స్టీల్‌లో ఇంకో చిక్కు ఉంది. తూటా ప్లేటు మీద చితికి, ముక్కలు మెడ, గడ్డం, చేతుల వైపు చిమ్ముతాయి. పూత కొంత ఆపుతుంది, దెబ్బలు తింటూ ఊడిపోతుంది కూడా.

ఆగిన తూటా కూడా ఊరికే పోదు. పరీక్షలో వెనకున్న మట్టిలో 44 మి.మీ. వరకు గుంట పడినా పాస్ చేస్తారు. మనిషి విషయంలో అంటే కమిలిపోవడం దగ్గర్నుంచి పక్కటెముక విరగడం దాకా. ప్లేటు కప్పేది సుమారు 25×30 సెం.మీ., గుండె, ఊపిరితిత్తుల ముందు భాగం. పొత్తికడుపు, చంకల పక్క, భుజాలు బయటే.

మెత్తటి జాకెట్లకు కాలమే శత్రువు. జైలాన్ అనే కృత్రిమ పోగు వేడికి, తేమకు బలం కోల్పోతోందని తేలాక 2005లో ఎన్‌ఐజే హెచ్చరించాల్సొచ్చింది. పాలిథిలీన్‌ను ఎండలో నిలిపిన కారులో వదిలేయకూడదు.

సమాధానం 1

పోటీ ఇప్పుడు ఎటు పోతోందో చూడాలంటే అమెరికా సైన్యం 2022లో ఎంచుకున్న 6.8×51 రైఫిల్ ఉంది, తొలి పేరు ఎక్స్‌ఎం5, తర్వాత ఎక్స్‌ఎం7. కవచం తొడిగిన శత్రువును దృష్టిలో పెట్టుకునే చేసిన తూటా. ఛాంబర్ ఒత్తిడి 80 వేల పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) దాకా పోవడంతో పూర్తి ఇత్తడి తొడుగు ఆగదని అడుగు ఉక్కుతో చేశారు. మూల్యం మోసేవాడి వీపు మీద పడింది: ఎం4ఏ1తో 30 గుళ్ల మ్యాగజైన్లు ఏడు, 210 గుళ్లు. దీంతో 20 గుళ్లవి ఏడు, 140. అయినా బరువు ఆ 210 కన్నా ఎక్కువే.