కాళ్ల రక్తనాళాల జబ్బుకు చేతుల వ్యాయామం: చేయించినవారు ఉన్నారా?

మా నాన్నగారికి కాళ్ల ధమనులు పూడుకుపోయాయి. చీలమండ, చేతి రక్తపోటుల నిష్పత్తి 0.6, అది 0.9 దాటి ఉండాలి. కాసేపు నడిస్తే చాలు, పిక్కలు బిగుసుకుపోతాయి. గోడ పట్టుకుని నిలబడితే సర్దుకుంటాయి. నొప్పి వచ్చేదాకా నడిచి, ఆగి, మళ్లీ నడవమన్నారు వైద్యులు. ఆయనేమో నొప్పికి జడిసి కుర్చీ వదలడం లేదు.

చేతులతో పెడల్ తిప్పే యంత్రంపై వారానికి 3 సార్లు చొప్పున 12 వారాలు సాధన చేసినవారు మునుపటికంటే ఎక్కువ దూరం నడవగలిగారని పరిశోధనల్లో తేలింది. కదిలేవి చేతులు, మేలు కాళ్లకు! వైద్యులూ సరేనన్నారు.

ఎవరైనా ఇంట్లో చేయించారా? పెడల్ బిగువు ఎంతతో మొదలుపెట్టారు? మధ్యలో విరామం ఎంత? ఆయనకు కుడి భుజం కాస్త పట్టేస్తుంది. పెడల్ వెనక్కి తిప్పితే తేలికా? బల్లమీద యంత్రం జారిపోతోంది, దానికీ ఓ ఉపాయం చెప్పండి.