సెఫీడ్ నక్షత్రాలతో దూరం కొలవడంలో మొట్టమొదటి కొలత ఎక్కడిది?

ప్రశ్న (తార్నాక నుంచి ఒక విద్యార్థిని):
ఖగోళ శాస్త్రవేత్త హెన్రియెట్టా లీవిట్ 1912లో చిన్న మెజిలాన్ మేఘం అనే చిన్న గెలాక్సీలోని 25 సెఫీడ్ నక్షత్రాలను (వెలుగు క్రమం తప్పకుండా పెరిగి తగ్గే తారలను) పరిశీలించి, వెలుగు పెరిగి తగ్గడానికి పట్టే కాలం ఎంత ఎక్కువైతే ఆ నక్షత్రం అంత ప్రకాశవంతమైనదని చూపించారు. అవన్నీ మనకు ఇంచుమించు ఒకే దూరంలో ఉన్నందువల్ల ఏది దేనికి ఎన్ని రెట్లో తెలుస్తుంది. కానీ ఆ మేఘం దూరమే తెలియనప్పుడు, కాలాన్ని బట్టి అసలు ప్రకాశం ఇంత అని ఎలా చెప్పగలిగారు? దయచేసి వివరించగలరు.

జవాబు 1 (విశ్రాంత అధ్యాపకుడు, నల్లకుంట):
మీరు అడగవలసిన చోటే అడిగారమ్మా. లీవిట్ చేతికిచ్చింది గీతలు మాత్రమే ఉండి అంకెలు లేని స్కేలు. అంకెలు వేయాలంటే కనీసం కొన్ని సెఫీడ్ల దూరం వేరే మార్గంలో తెలియాలి. పాలపుంతలో మనకు దగ్గరగా ఉన్నవి సైతం ఆనాటి పారలాక్స్ (భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతున్నందువల్ల నక్షత్రం జరిగినట్టు కనిపించే కోణం) కొలతలకు అందలేదు. అందుచేత 1913లో ఖగోళ శాస్త్రవేత్త హెర్ట్‌స్ప్రంగ్, సూర్యుడి గమనం వల్ల అవి ఆకాశంలో ఏటా ఎంత జరుగుతున్నట్టు కనిపిస్తాయో లెక్కగట్టి, వాటి సగటు దూరాన్ని రాబట్టారు. ఆ తరువాత హబుల్ 1923లో ఆండ్రోమెడా గెలాక్సీలో సెఫీడ్‌ను గుర్తించి, అది పాలపుంతకు వెలుపలిదని తేల్చారు కానీ, ఆయన లెక్కలో దాని దూరం సుమారు 9 లక్షల కాంతి సంవత్సరాలే. నేటి లెక్క 25 లక్షలు. సెఫీడ్లలో రెండు రకాలున్నాయనీ, ఒకే కాలం గల రెండింటిలో ఒక రకం దాదాపు నాలుగు రెట్లు ప్రకాశవంతమనీ బాడే 1952లో ప్రకటించడంతో గెలాక్సీల దూరాలన్నీ ఒక్కసారిగా రెట్టింపయ్యాయి. ఇటీవల, 2025 ఆరంభం వరకు పనిచేసిన గైయా ఉపగ్రహం సెఫీడ్ల పారలాక్స్‌ను నేరుగా కొలిచి ఇచ్చింది.

జవాబు 2:
పై వివరణకు ధూళి సంగతి కూడా చేర్చాలి. డెల్టా సెఫీ అనే సెఫీడ్ కాలం 5.37 రోజులు, సగటు మాగ్నిట్యూడ్ (కనిపించే వెలుగు కొలమానం, అంకె తగ్గేకొద్దీ వెలుగు ఎక్కువ) 3.95, అసలు మాగ్నిట్యూడ్ (ఒక ప్రామాణిక దూరంలో ఉంటే కనిపించే వెలుగు) సుమారు -3.5. ఈ తేడాను దూరం లెక్కగట్టే సూత్రంలో వేస్తే దాదాపు 1,000 కాంతి సంవత్సరాలు వస్తుంది. దారిలోని ధూళి దాని వెలుగును పావు మాగ్నిట్యూడ్ మేర మింగేస్తున్నదని గుర్తించి సవరిస్తే, దూరం 890 దగ్గరకు దిగుతుంది. ధూళి ప్రభావం తక్కువగా ఉండే పరారుణ కాంతిలో కొలవడానికి నేటి పరిశోధకులు మొగ్గు చూపేది ఇందుకే.

జవాబు 3 (ఔత్సాహిక పరిశీలకుడు, ఘట్‌కేసర్):
విద్యార్థిని గారు సెఫీడ్‌ను స్వయంగా చూడదలిస్తే, మన అక్షాంశానికి డెల్టా సెఫీ కంటే ఈటా అక్విలే అనే సెఫీడ్ అనుకూలం. వానలు వెనుదిరిగాక, కార్తీకంలో చీకటి పడగానే పడమటి వైపు శ్రవణా నక్షత్రపు మూడు తారలను గుర్తించి, అక్కడి నుంచి కొంచెం దక్షిణానికి రండి. శ్రవణంలో మసకగా ఉండే బీటా మాగ్నిట్యూడ్ 3.7, ఈటా పూర్తి వెలుగులో 3.5 చేరి దాన్ని మించుతుంది, తగ్గినప్పుడు 4.4 అయి వెనుకబడుతుంది. దీని కాలం 7.18 రోజులు, పెరుగుదల చకచకా, తగ్గుదల నింపాదిగా సాగుతాయి. నగరం నడిబొడ్డున దీపాల వెలుగులో 4.4 కంటికి ఆనదు కనుక బైనాక్యులర్ దగ్గర ఉంచుకోండి, బీటాతో పోల్చి రోజూ ఒకే వేళకు రాసుకోండి.