జబ్బు తగ్గినా వీల్డ్ ఊసరవెల్లి తినడం లేదు. సిరంజితో పెట్టాలా?

కొమ్మచివర (ఆస్టిన్, టెక్సస్)
నమస్తే అండి. మా దగ్గరున్నది మగ వీల్డ్ ఊసరవెల్లి, ఏడాది దాటింది. ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్ వస్తే సరీసృపాల డాక్టర్ ఎన్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు ఇచ్చారు. కోర్సు పూర్తయింది. నోరు తెరిచి ఊపిరి తీయడం, చిటచిట శబ్దం పోయాయి. తిండి మాత్రం ముట్టడం లేదు. జబ్బుకు ముందు 128 గ్రాములు, ఇప్పుడు 112. ఆకుల మీద నీళ్లు తాగుతున్నాడు. కీచురాళ్లు వదిలితే చూస్తాడు, గురి పెడతాడు, నోరు తెరుస్తాడు, నాలుక సగం దాకా వచ్చి ఆగిపోతుంది. జాలీ బోను 2×2×4 అడుగులు, ఎండ కాచుకునే కొమ్మ దగ్గర 84 ఫారన్‌హీట్, రాత్రి ఏసీ వల్ల 66. యూవీబీకి (ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాలకు) బోనుతోపాటు వచ్చిన చుట్టల బల్బు ఉంది. కాల్షియం పొడి వారానికోసారి. మాంసాహార జంతువుల రికవరీ పౌడర్ కలిపి సిరంజితో రోజుకు ఎంత పట్టొచ్చు?

ఆకుచాటు
సిరంజి సంగతి తర్వాత. మీరు రాసినదాంట్లో అసలు విషయం నాలుక. ఆకలి లేని ఊసరవెల్లి పురుగును పట్టించుకోదు, కన్ను తిప్పేసుకుంటుంది. మీవాడు గురి పెడుతున్నాడు. అంటే తినాలని ఉంది, తినలేకపోతున్నాడు. ఈ రెండింటికీ వైద్యం వేరు.

నాలుక సగంలో ఆగడానికి మొదట అనుమానించాల్సింది కాల్షియం కొరత. కండరం బిగుసుకోవాలంటే రక్తంలో కాల్షియం ఉండాలి. అది తగ్గితే నాలుక విసిరే బలం పోతుంది, ముదిరితే బయటికొచ్చిన నాలుక లోపలికే పోదు. మీ బల్బు చూస్తే కారణం కనబడుతూనే ఉంది. చుట్టల బల్బు యూవీబీ ఇచ్చేది కింద కొంచెం మేరకే, అదీ నెలలు గడిచేకొద్దీ తగ్గిపోతుంది. వెలుగు మామూలుగానే ఉంటుంది కాబట్టి పైకి తెలియదు. యూవీబీ లేకపోతే ఒంట్లో విటమిన్ డి3 తయారవదు, డి3 లేకపోతే తిన్న కాల్షియం పేగు దాటి రక్తంలోకి చేరదు.

టి5 హెచ్‌ఓ పొడవు ట్యూబు (ఎక్కువ శక్తి ఉన్న సన్నని యూవీబీ ట్యూబులైటు) పెట్టండి, 5.0 లేదా 6 శాతం రకం. జాలీ పైన ఉంచితే ట్యూబుకీ, ఊసరవెల్లి వీపుకీ మధ్య 8 నుంచి 9 అంగుళాలు. కొమ్మ నుంచి కొలవకండి. తల మీద కిరీటం, వీపు కలిపి రెండు మూడు అంగుళాలు పైకి వస్తాయి. ట్యూబును ఏడాదికోసారి మార్చాలి.

వేడి కూడా చాలదు. కోలుకునే మగదానికి ఎండ కొమ్మ దగ్గర 86 నుంచి 88 ఉంచండి, 90 దాటనివ్వకండి. ఆరోగ్యంగా ఉన్నదానికి రాత్రి 66 బాగానే ఉంటుంది కానీ, ఊపిరితిత్తుల జబ్బు నుంచి ఇప్పుడే లేచినదానికి 70 కంటే తగ్గనివ్వకండి. వెలుగు లేని సిరామిక్ హీటర్ వాడండి, రాత్రి ఎర్రబల్బు వద్దు, నిద్ర చెడుతుంది.

వెట్‌టెక్_లత
ఆకుచాటు గారు చెప్పింది నిజమే, కానీ ట్యూబు మార్చి ఊరుకుంటే చాలదు. తగ్గింది 16 గ్రాములు, అంటే పన్నెండు శాతం పైనే. పది శాతం దాటితే మళ్లీ డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే. ఎక్స్‌రే, రక్తంలో కాల్షియం పరీక్ష, పేడ పరీక్ష అడగండి. కాక్సిడియా, పిన్‌వార్మ్‌ల లాంటి పేగు పరాన్నజీవులు జబ్బులో బలం పుంజుకుంటాయి. కాల్షియం తక్కువని తేలితే ద్రవరూపంలో మోతాదు వాళ్లే రాస్తారు. కంగారులో డి3 ఉన్న పొడి రోజూ చల్లకండి, డి3 ఎక్కువైతే మూత్రపిండాల్లో కాల్షియం పేరుకుంటుంది.

విటమిన్ ఎ లోపం గురించి కూడా డాక్టర్‌ను అడగండి. అందులో కళ్లు మూసుకుని ఉంటాయి, నాలుక పురుగును తాకినా అంటుకోదు. ఉత్త కీచురాళ్ల మీద పెరిగినవాటిలో ఇది చూస్తాం. ఎన్రోఫ్లాక్ససిన్ వల్ల కూడా ఆకలి మందగిస్తుంది, కానీ కోర్సు ముగిశాక అది నెమ్మదిగా తిరిగి వస్తుంది.

ఇక సిరంజి. ఎండిపోయిన ఒంట్లోకి తిండి పోస్తే పేగు కదలదు. పేడతో వచ్చే తెల్లని యూరేట్ ముద్ద చూడండి: తెల్లగా ఉంటే నీరు చాలినట్టు, నారింజ రంగుకి వస్తే చాలనట్టు. అలా ఉంటే ముందు గోరువెచ్చని నీటి తుంపర, పొద్దునా సాయంత్రం అయిదారు నిమిషాలు, మధ్యలో డ్రిప్పర్.

పౌడర్‌ను మొదట బాగా పల్చగా కలపండి. 112 గ్రాములకు పూటకు ఒక మిల్లీలీటరుతో మొదలుపెట్టి, నిలుపుకుంటే రెండుకు పెంచండి. చాలాకాలం పస్తున్న ఒంటికి ఒక్కసారే గట్టి తిండి పెడితే రక్తంలో ఫాస్ఫరస్, పొటాషియం పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. సూది తీసేసిన 1 మి.లీ. సిరంజితో పెదవి పక్కన చుక్క పెట్టి, మింగేదాకా ఆగి, ఇంకో చుక్క. తల పైకి ఉండాలి. గొంతులోకి నెట్టకండి, నాలుక మొదలు దగ్గరే గాలిగొట్టం నోరు ఉంటుంది. అందులో పడితే ఇప్పుడే తగ్గిన ఊపిరితిత్తులు మళ్లీ మొదటికి వస్తాయి. దవడను వేళ్లతో లాగి తెరవొద్దు. కాల్షియం లేని దవడ మెత్తగా ఉంటుంది, వంగుతుంది, విరుగుతుంది.

కొమ్మచివర
దవడ నొక్కి చూడాలంటే భయమేసింది, అందుకని ముట్టుకోలేదు. యూరేట్ అంచున పసుపు ఉంది. ట్యూబు ఆర్డర్ పెట్టాను, డాక్టర్‌కు ఫోన్ చేస్తాను. సిరంజి పడుతూ ఉంటే వాడు సొంతంగా తినడం మానేయడా?

ఆకుచాటు
మంచి ప్రశ్న. పట్టుకున్న ప్రతిసారీ భయంతో కొంత ఆకలి చస్తుంది. అందుకే డాక్టర్ వద్దనేదాకా రోజుకు ఒకసారి చాలు, ఆ తర్వాత మానండి. సొంతంగా తినే అవకాశం మాత్రం రోజూ ఇవ్వండి: ఎండ లైటు వెలిగిన గంట, గంటన్నరకి, ఒళ్లు వేడెక్కాక. సాయంత్రం తినిపిస్తే రాత్రి చల్లదనంలో అరగక లోపలే పులుస్తుంది.

నాలుక బలం లేనప్పుడు దూరంగా పెట్టి ఊరించకండి. మెత్తని మొన ఉన్న పట్టకారుతో మూడు నాలుగు అంగుళాల దగ్గర, కొమ్మకు ఎదురుగా. మీరు కదలకండి, పురుగు కదలాలి. ముందు పట్టుపురుగు, లేదా హార్న్‌వార్మ్. రెండూ మెత్తని గొంగళిపురుగులు, నెమ్మదిగా కదులుతాయి, నీరు ఎక్కువ. వాక్స్‌వార్మ్ మాత్రం అలవాటు చేయకండి, ఉత్త కొవ్వు, రుచి మరిగితే మిగతావి వద్దంటాడు. తినని కీచురాళ్లను రాత్రి బోనులో వదలొద్దు, నీరసంగా నిద్రపోతున్న ఊసరవెల్లిని కొరుకుతాయి.

టమాటా_తోట (హ్యూస్టన్)
మా పెరట్లో టమాటా మొక్కల మీద హార్న్‌వార్మ్‌లు బోలెడున్నాయి. పనికొస్తాయా?

వెట్‌టెక్_లత
వద్దు. టమాటా ఆకు తిన్న పురుగులో దాని విషం ఉంటుంది. పెంపకంవాళ్లు వేరే మేత మీద పెంచినవే కొనండి. మిణుగురులు కూడా పెట్టకండి, ఒక్కటి తిన్నా బల్లిజాతి జీవి చచ్చిపోవచ్చు.

బెజవాడ_కుర్రాడు
అన్నా, మా పొలం గట్టు మీద ఊసరవెల్లి దొరికింది, తినడం లేదు. ఇదే పద్ధతి వాడనా?

ఆకుచాటు
మన ఊళ్లలో తిరిగేది భారతీయ ఊసరవెల్లి, 1972 వన్యప్రాణి చట్టం కింద రక్షిత జీవి. ఇంట్లో ఉంచుకోవడమే నేరం. గాయాలు లేకపోతే దొరికిన చోటే, దగ్గరి చెట్టు మీద వదిలెయ్. గాయం ఉంటే గాలాడే అట్టపెట్టెలో కొమ్మ వేసి, నీడలో ఉంచి అటవీశాఖవాళ్లను పిలువు. తిండి పెట్టే ప్రయత్నం చెయ్యకు, పట్టుకున్నంతసేపూ అది తినదు.

కొమ్మచివర గారూ, రోజూ పొద్దున తినకముందే వంటింటి గ్రాముల త్రాసు మీద తూచి రాసుకోండి. రెండు మూడు గ్రాములు అటూ ఇటూ అయితే అది నీళ్లూ పేడా. వారమంతా కిందికే జారితే, కళ్లు లోపలికి పోతే, పగలు కళ్లు మూసుకుంటే ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. అపాయింట్‌మెంట్ తేదీ దాకా ఆగకండి.